హవాయి మాటలు ఓ ఐదు పంపమన్నవాళ్లకి

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "మేం హవాయి వస్తున్నాం. అక్కడివాళ్ల భాషలో ఓ ఐదు మాటలు పంపు." డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, ఈ మధ్య హైదరాబాద్ నుంచి కూడా. ఆరేళ్లుగా ఒవాహు దీవిలో ఉంటున్నాను కాబట్టి నన్ను అడగడంలో తప్పు లేదు. మొదట్లో నేనూ పంపేదాన్ని. అలోహా (నమస్కారం, ప్రేమ), మహాలో (ధన్యవాదాలు), ఒహానా (కుటుంబం), ఇంకో రెండు. పక్కన అర్థాలు. ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

ఆ ఐదు మాటల్ని ఇక్కడ ఇప్పటికే అరగదీసేశారు. టీషర్టు మీద అలోహా. రసీదు కింద మహాలో. ఇళ్లు అమ్మేవాళ్ల ప్రకటనలో ఒహానా. 2018లో షికాగోకి చెందిన ఒక తిండి కంపెనీ, పేరులో 'అలోహా' పెట్టుకున్న వేరే దుకాణాలకి లాయరు నోటీసులు పంపింది, ఆ మాట తీసేయమని. నోటీసు అందుకున్నవాళ్లలో హవాయి మూలవాసులు ఉన్నారు. తాతముత్తాతల నుంచి నోట్లో నానుతున్న మాటని తీసేయమని వాళ్లకే నోటీసు! అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. ఎనభైకి దగ్గర్లో ఉన్నారు. వీధిలో అందరం ఆవిడని 'టూటూ' అనే పిలుస్తాం. మనం అమ్మమ్మగారూ అన్నట్టు. టూటూ వాళ్లమ్మ చిన్నప్పుడు బడిలో హవాయి మాట్లాడితే దెబ్బలు తినేదట. ఆ భయంతో ఆవిడ తన పిల్లలకి ఒక్క ముక్క నేర్పలేదు. పెద్దవాళ్లు రహస్యం మాట్లాడుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రమే ఇంట్లో ఆ భాష వినపడేది. టూటూ తన సొంత భాషని నలభయ్యో ఏట, రోజంతా ఉద్యోగం చేసొచ్చి, సాయంత్రం క్లాసులో కూర్చుని నేర్చుకున్నారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంటుంది. వినే నాకే ఏదోలా ఉంటుంది.

ఇది చదువు సంధ్యలు లేనివాళ్ల భాష అనుకునేవాళ్లున్నారు. వాళ్ల కోసం కాస్త చరిత్ర చెప్పాలి. 1820లో మిషనరీలు వచ్చారు, 1822లో ఈ భాషలో మొదటి అచ్చు పని జరిగింది, కొన్ని దశాబ్దాల్లోనే జనంలో ఎక్కువమంది చదవడం నేర్చేసుకున్నారు. 1834లో మొదటి పత్రిక వచ్చింది. అప్పటి నుంచి 1948 దాకా వంద పైచిలుకు పత్రికలు హవాయి భాషలో నడిచాయి. రాజకీయాలు, చావు కబుర్లు, పాటలు, సీరియల్ కథలు, సంపాదకుడికి ఉత్తరాలు, అన్నీ. 1893లో హవాయి రాజ్యపు చివరి రాణి లిలిఉఒకలానిని గద్దె దింపారు. 1896లో బడుల్లో ఇంగ్లీషులోనే చదువు చెప్పాలని చట్టం తెచ్చారు. ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు. 1980ల మొదట్లో లెక్కచూస్తే 18 ఏళ్లలోపు పిల్లల్లో హవాయి ధారాళంగా మాట్లాడేవాళ్లు 50 మంది కన్నా తక్కువ. 1978లో రాష్ట్ర రాజ్యాంగం దీన్ని అధికార భాష చేసింది, కానీ అధికార భాషలో అమ్మని నీళ్లడిగే పిల్లలు కరవయ్యారు.

నా బాధంతా అక్కడే. అలోహా ఎప్పుడూ చావలేదు. దాన్ని అమ్ముకుంటున్నారు కాబట్టి చావనివ్వరు. 'అన్నం పెట్టు', 'చెయ్యి కడుక్కో', 'తలుపు వెయ్యి', 'ఇంకా పడుకోలేదా' లాంటివి పోయాయి. భాష తిరిగి రావాలన్నా ఆ మాటలే రావాలి. 1983లో కొందరు టీచర్లు కలిసి '’అహ పూనన లెయొ' అనే సంస్థ పెట్టారు. 'పూనన లెయొ' అంటే మాటల గూడు. 1984లో కవాయి దీవిలోని కెకహ అనే ఊళ్లో మొదటి పిల్లల బడి తెరిచారు. పాలు తాగడం, బొమ్మలు సర్దడం, ఏడుపు మానడం, అంతా హవాయిలోనే. అప్పటికి ఆ భాషలో బడి నడపడం చట్టానికి విరుద్ధం. ఆ అడ్డు 1986లో గానీ తొలగలేదు. మరుసటి ఏడాది ప్రభుత్వ బడుల్లో హవాయి మీడియం మొదలైంది. ఆ దారిలో చదివిన మొదటి పిల్లలు 1999లో హైస్కూలు పూర్తి చేశారు.

సరే, మాటల్లోకి వస్తాను. తెలుగువాళ్లకి ఈ భాష ఎంత దగ్గరగా ఉంటుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అక్షరాలు మొత్తం పదమూడు. అచ్చులు అయిదు, వాటికి పొడవు రూపాలు. ఎ-ఏ, ఒ-ఓ తేడా మనకి పుట్టుకతోనే వస్తుంది కదా, ఇంగ్లీషువాళ్లు నెలలు కుస్తీ పట్టేది అక్కడే. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, సరిగ్గా మన అజంత తెలుగు లాగే. బస్‌ని మనం బస్సు చేసుకున్నట్టు, వాళ్లు రైస్‌ని 'లైకి' చేసుకున్నారు, టెలిఫోన్‌ని 'కెలెపొన' చేసుకున్నారు. కొత్త మాటలు సొంతంగా కూడా కడతారు. కంప్యూటర్‌ని 'లొలొ ఉయిల' అంటారు. లొలొ అంటే మెదడు, ఉయిల అంటే మెరుపు, కరెంటు.

మనకి లేనిది ఒక్కటే, 'ఒకినా'. గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే శబ్దం. వద్దు అని చెప్పడానికి మనం పెదవి కదపకుండా ఉఁ-ఉఁ అంటామే, ఆ రెంటి మధ్య ఆగుతుందే, అదే. వాళ్లకి అదొక పూర్తి హల్లు. నేనిక్కడ ’ గుర్తుతో రాస్తున్నాను. దాన్ని మింగేస్తే అర్థాలు మారిపోతాయి. 'పౌ' అంటే అయిపోయింది. 'ప’ఉ' అంటే మసి. 'ప’ఊ' అంటే చెమ్మగా ఉన్నది. 'పా’ఊ' అంటే ఆడవాళ్లు కట్టుకునే బట్ట. మొదట్లో నేను ఈ నాలుగూ ఒకేలా పలికితే, టూటూ ప్రతిసారీ ఆపి మళ్లీ చెప్పించేవారు. విసుగు అన్నది ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడలేదు.

ఊరి పేర్లూ వీధి పేర్లూ సరిగ్గా పలకడం అందరూ చేయగలిగిన మొదటి పని. హొనొలులులో ఒక పెద్ద రోడ్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో చూసి దాన్ని 'లైక్‌లైక్' అని చదివేస్తారు. అది లికెలికె. చివరి రాణిగారి చెల్లెలు, యువరాణి లికెలికె పేరు. మన ఊళ్లో ఎవరైనా రుద్రమదేవి పేరుని పెడర్థం వచ్చేలా పలికితే మనకెలా ఉంటుంది? తెలుగు లిపిలో రాసుకుంటే పది సెకన్ల పని అది.

ఇక వంటిల్లు. మన ఇళ్లలో చామదుంప వేపుడు తినని వాళ్లు ఉండరు. తెలంగాణలో చామగడ్డ అంటారు. హవాయి వాళ్లకి అదే ప్రాణం, పేరు 'కలొ'. దాన్ని ఉడకబెట్టి దంచి 'పొయి' చేస్తారు. వాళ్ల పురాణంలో ఆకాశ దేవుడికి పుట్టిన ఒక బిడ్డ ప్రాణం లేకుండా పుడితే పాతిపెట్టారు, అక్కడ కలొ మొలిచింది. ఆ తర్వాత పుట్టిన తమ్ముడు మనిషి. అంటే చామ వాళ్లకి అన్నగారు. పొయి గిన్నె మూత తీసి ఉన్నంతసేపు ఇంట్లో పోట్లాడుకోకూడదన్న ఆచారం అందుకే. తల్లి దుంప పక్కన పుట్టుకొచ్చే పిల్లదుంపని '’ఒహా' అంటారు. కుటుంబాన్ని ’ఒహన అనడం దాని నుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు. ఇదంతా తెలిశాక ఆ మాటని ఇళ్ల ప్రకటనలో చూడండి, నాకు ఎందుకు మండుతుందో అర్థమవుతుంది. ఒకసారి నేను చామదుంపలు ఉప్పూ కారం వేసి వేయించి తీసుకెళితే, టూటూ రెండు ముక్కలు తిని కాసేపు మాట్లాడలేదు. తర్వాత '’ఒనొ' అన్నారు, రుచిగా ఉంది అని.

పసుపు '’ఓలెన', కొబ్బరి 'నియు', అరటి 'మయ్’అ', చెరకు 'కో'. ఇవన్నీ ఒకప్పుడు పడవల్లో మోసుకొచ్చి నాటుకున్న మొక్కలు. అన్నీ మన పెరటివే. '’ఐ' అంటే తిను, తిండి. నేలని '’ఆయిన' అనడం ఆ మాట నుంచే, తిండి పెట్టేది అని. నీళ్లు 'వై', సంపద 'వైవై'. ఇవి ఐదు నిమిషాల్లో వస్తాయి. బజారుకి వెళ్లినప్పుడు బుట్టలో వేస్తూ ఒక్కొక్కటీ అనుకోండి, అంతే.

దిక్కుల దగ్గర మాత్రం నాకు ఇంటికొచ్చినట్టు అనిపించింది. నేను విశాఖలో పెరిగాను, ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఇక్కడ దారి అడిగితే 'మౌక' అంటారు, అంటే కొండ వైపు. 'మకై' అంటే సముద్రం వైపు. గుండ్రంగా ఉన్న దీవిలో తూర్పు పడమరల కన్నా అదే పనికొస్తుంది. ఎగువ, దిగువ అని మన రైతులు అన్నట్టు. నెలలోని రాత్రులకి కూడా పేర్లున్నాయి, మన తిథుల్లా. మొదటి రాత్రి హిలొ, చంద్రుడు కనపడని చివరి రాత్రి ముకు. చేపలు పట్టడం, మొక్కలు నాటడం ఆ లెక్కనే.

నా జీవితంలో అన్నిటికన్నా విలువైన మాట ఇంకొకటి. మా పాపకి తొమ్మిదేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అయినా దానికి 'మనం', 'మేము' తేడా ఎంత చెప్పినా ఎక్కేది కాదు. నా పక్కన కూర్చునే "అమ్మా, మేము ఎప్పుడు వెళ్తాము?" అనేది. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట కదా, వాళ్ల బుర్రలో ఆ గది కట్టలేదు. మేం సరిదిద్దడం, అది మర్చిపోవడం. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో హవాయి పెద్దవాళ్లు, 'కూపున'లు, చిన్న క్లాసులకి వచ్చి మాటలు, పాటలు నేర్పే పద్ధతి ఉంది. వాళ్ల క్లాసుకి వచ్చే ఆవిడ ఒకరోజు పిల్లలందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి 'కాకొఉ' అంటూ చేతులు బార్లా చాపి అందర్నీ కలిపి చూపించారట. తర్వాత నలుగురిని తన వైపు లాక్కుని మిగతావాళ్లకి వీపు తిప్పి 'మాకొఉ' అన్నారట. కాకొఉ అంటే మనం, మాకొఉ అంటే మేము. ఇద్దరే ఉంటే 'కాఉవ', 'మాఉవ' అని ఇంకో జత కూడా ఉంది. ఆ సాయంత్రం కార్లో మా పాప, "అమ్మా, మనం అంటే కాకొఉ కదా! వినేవాళ్లు కూడా ఉంటారు!" అంది. రోడ్డు పక్కన కారు ఆపుకోవాల్సి వచ్చింది నాకు. నా తెలుగు నా బిడ్డకి హవాయి ద్వారా అందింది. ఆ ఋణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు. కనీసం ఈ భాషని ఐదు మాటల చీటీగా చేసి పంచిపెట్టలేను.

'నా' అనడానికి కూడా రెండు మాటలున్నాయి. నా బిడ్డ 'క’ఉ కెయ్కి', మా అమ్మ 'కొ’ఉ మకుఅహినె'. మన చేతుల మీదుగా వచ్చినవి ఒక తీరు, మనకన్నా ముందున్నవి, మనల్ని మోసేవి ఒక తీరు. తిండి, పిల్లలు మొదటి జాబితాలో. అమ్మానాన్నలు, ఒళ్లు, ఇల్లు, నేల రెండో జాబితాలో. నేల ఎందుకు అమ్మతో పాటు ఉందో నేను చాలాకాలం ఆలోచించాను.

ఓ పుట్టినరోజు భోజనాల దగ్గర మన తెలుగాయనే ఒకరు నన్ను అడిగారు, "ఆ భాష నేర్చుకుంటే ఏం వస్తుందండీ, ఉద్యోగమా?" అని. అప్పుడు సమాధానం తట్టలేదు, ఇప్పుడు చెబుతాను. 2018 జనవరిలో మావి దీవిలో, వైలుకు కోర్టులో, శామ్యూల్ కలెయ్‌కొవ క’ఏఒ అనే ప్రొఫెసర్ తన పేరు పిలిచినప్పుడు హవాయిలోనే జవాబిచ్చారు. మనిషి ఎదురుగా నిలబడే ఉన్నాడు. జడ్జిగారు ఆయన హాజరు కాలేదని లెక్కగట్టి వారంటు జారీ చేశారు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు, కోర్టుల్లో హవాయి దుబాసీల ఏర్పాటు కూడా వచ్చింది. కానీ అధికార భాష అయిన నలభై ఏళ్లకి, తన నేల మీద, తన భాషలో 'ఉన్నాను' అంటే లేనట్టే లెక్కయిందండీ. ఇలాంటి చోట బతుకుతూ, ఇక్కడి నీళ్లు తాగుతూ, పక్కింటి పెద్దావిడని ఆవిడ భాషలో 'భోంచేశారా' అని అడగడం నాకు చేతనైతే చాలు. 'ఉఅ ’ఐ ’ఒఎ?' మనలాగే వాళ్లకీ అది పలకరింపంత ముఖ్యం. వాకిట్లోంచి పోయేవాళ్లని 'హెలె మై, ఎ ’ఐ' అని పిలవడం ఇక్కడ పాత మర్యాద. రండి, తినండి అని.

నేర్చుకోవాలని నిజంగా ఉంటే దారులు ఉన్నాయి. భాషలు నేర్పే డుయోలింగో యాప్‌లో 2018 నుంచి హవాయి ఉంది. మేరీ కవెన పుకుయి, శామ్యూల్ ఎల్బర్ట్ కలిసి 1957లో తెచ్చిన నిఘంటువు, తర్వాత పెంచి వేసినది, ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. ఫిబ్రవరిని హవాయి భాషా నెలగా జరుపుతారు, అప్పుడొస్తే ఎక్కడికెళ్లినా వినపడుతుంది. అనుమానం వస్తే ఇక్కడివాళ్లని అడగండి. తప్పు పలికినా ఫర్వాలేదు, ఒకినా మింగకుండా పలకడానికి ప్రయత్నిస్తే మొహం వెలిగిపోతుంది వాళ్లకి.

జూన్‌లో వస్తున్న మా పిన్ని కూతురు మొన్న మళ్లీ అడిగింది, ఐదు మాటలు. ఒకే ఒక వాక్యం పంపాను: 'ఎ ’ఐ కాకొఉ'. మనందరం తిందాం అని. శనివారం టూటూ ఇంట్లో భోజనం, గిన్నెల ముందు కూర్చున్నాక నువ్వే అనాలి, ఆ గొంతు ఆపు సరిగ్గా వచ్చేదాకా ప్రాక్టీస్ చెయ్యి అని రాశాను. రాత్రి వాయిస్ మెసేజ్‌లు పంపింది. మొదటి రెండూ బాలేవు. మూడోది మా పాపకి వినిపించాను, "వచ్చింది" అంది.