ఏప్రిల్లో అన్న, ఫిబ్రవరిలో తమ్ముడు

ఇక్కడ ఇంగ్లండ్‌లో, నార్ఫోక్ వైపు ఒక పల్లెటూరి చర్చి పాత బాప్తిస్మం రిజిస్టర్లు టైప్ చేయడానికి వాలంటీర్లు కావాలంటే, శనివారాలు ఖాళీయే కదా అని నేనూ చెయ్యెత్తాను. రూల్ ఒక్కటే. కనిపించింది కనిపించినట్టే కొట్టాలి, సొంత తెలివి వాడకూడదు. నాకు కష్టమైంది సరిగ్గా అదే.

ప్రతి చర్చీలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసి పెట్టాలని 1538లో రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆర్డరేశాడు గానీ, అర్థమయ్యేలా రాయమని మాత్రం చెప్పినట్టు లేడు. 1813 నుంచైతే అచ్చు ఫారాలు, పేజీకి ఎనిమిది పేర్లు, హాయి. నాకొచ్చినవి 1730ల పేజీలు. అప్పట్లో మాట మధ్యలో ఎస్ రాస్తే అచ్చం ఎఫ్‌లా ఉండేది, అందుకని మోస్ ఇంటిపేరు వాళ్లందరినీ మోఫ్స్ చేశాను. జాన్‌ని పొట్టిగా జె, ఎన్, ఓ అని రాసేవాళ్లు, ఆ జె నా కంటికి ఐలా కనబడి ఊళ్లో సగం మంది మగాళ్లు ఈనోలైపోయారు, ఊరంతటికీ అజీర్తి చేసినట్టు.

ఇవి నయం. ఒక కూలీ ఇంట్లో పెద్దబ్బాయి బాప్తిస్మం 1731 ఏప్రిల్. రెండు పేజీలు తిప్పితే వాడి తమ్ముడిది 1731 ఫిబ్రవరి! అన్న కంటే తమ్ముడు ముందు ఎలా వచ్చాడు? పాదిరిగారు ఆ రోజు కాస్త పుచ్చుకుని రాసి ఉంటారని తేల్చేసి, సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, షీటు మొత్తం తేదీల ప్రకారం సార్ట్ కొట్టి, పాదిరిగారి తప్పు పట్టేశానని ఈ పని అప్పగించినవాళ్లకి ఒక మెయిల్ కూడా రాసి, రాత్రి రెండింటికి గర్వంగా పడుకున్నాను. ఇప్పుడు ఒకే తల్లికి రెండు నెలల తేడాతో ఇద్దరు పిల్లలు, ఆ సంగతి నాకు తట్టలేదు.

పొద్దున్నే అమ్మకి ఫోన్లో చెప్పి నవ్వాను. అమ్మ నవ్వలేదు. "ఒరేయ్, ఉగాది రాకుండా కొత్త సంవత్సరం ఎట్లా వస్తుందిరా? వాళ్ల ఉగాది ఎప్పుడో కనుక్కున్నావా?"

అమ్మా, ఇది ఇంగ్లండ్ అన్నాను.

మధ్యాహ్నం జవాబొచ్చింది, చాలా మర్యాదగా. 1752కి ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరం మారేది మార్చి 25నట. జనవరి, ఫిబ్రవరి పాత ఏడాదిలోకే పోతాయి. అంటే ఆ తమ్ముడు మన లెక్కన 1732లో, అన్న తర్వాత పది నెలలకి, పద్ధతిగానే వచ్చాడు. పాదిరిగారు చుక్క ముట్టలేదు. (క్యాలెండర్ మార్చడంతో 1752 సెప్టెంబర్లో 2 తర్వాత ఏకంగా 14 వచ్చిందట. ఆ పేజీలు మాత్రం నాకు పంపొద్దని దణ్ణం పెట్టాను.)

సేవ్ చేసి మూసేశాక సార్ట్ వెనక్కి పోదు కాబట్టి, రెండు శనివారాలుగా మొదటి నుంచి కొడుతున్నాను. అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతోంది, ఇంతకీ మార్చి 25న వాళ్లు పచ్చడి చేసుకునేవాళ్లా అని. రిజిస్టర్లో అయితే ఎక్కడా కనబడలేదమ్మా అన్నాను.