‘తర్వాత చూద్దాంలే’ గారికి

మహారాజశ్రీ ‘తర్వాత చూద్దాంలే’ గారికి,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. మీరు దిగిన ఇంట్లో కుశలం ఎక్కడిది?

హాన్ సామ్రాజ్యం కూలిపోతున్న రోజుల్లో ఉత్తర చైనాను గెలిచింది త్సావ్ త్సావ్ అని పుస్తకాల్లో రాశారు. సగం చాకిరీ మీది, పేరు ఆయనది.

పసుపు నదికి ఉత్తరాన నాలుగు రాష్ట్రాలు ఏలిన యువాన్ షావ్ మీకు బాగా కావలసినవాడే కదా. ముగ్గురు కొడుకులు: టాన్, శీ, షాంగ్. మనసంతా చిన్నవాడి మీదే. చూడ్డానికి బాగుంటాడు, పైగా తల్లి ల్యూ గారాబం. అలాగని తన వారసుడు ఇతడేనని పైకి అనడు. పెద్దవాణ్ణి తన అన్నగారికి దత్తుడిగా లెక్కకట్టి దూరంగా చింగ్ రాష్ట్రానికి పంపేశాడు. సలహాదారు జ్యూ షోవ్ ఉండబట్టలేక చెప్పాడు: వీధిలో కుందేలు పరిగెడితే వేలమంది వెంటపడతారు, ఒకడి చేతికి చిక్కిందంటే మిగతావాళ్లు ఆగిపోతారు, అది ఎవరిదో తేలిపోయింది గనక. దానికి యువాన్ షావ్ జవాబు, కొడుకులకీ మేనల్లుడికీ తలో రాష్ట్రం ఇచ్చి ఎవడి సత్తా ఎంతో చూస్తానని. ఆ ‘చూస్తాను’ ఆయన నోట పలికించింది మీరే కదండీ?

చూడకుండానే 202లో పోయాడు. ల్యూ మాత్రం ఆలస్యం చేయలేదు. శవం ఇంట్లో ఉండగానే ఆయన మనసుపడ్డ ఐదుగురు ఆడవాళ్లను చంపించి, పరలోకంలో ఆయన వాళ్లను గుర్తుపట్టకూడదని జుట్టు గొరిగించి, ముఖాలకు నల్లసిరా పూయించింది. ఆ ఇంట్లో మిమ్మల్ని లెక్కచేయని మనిషి ఆవిడొక్కతే.

తర్వాతి కథ మీకు కొత్త కాదు. మీదికి వెళ్తే అన్నదమ్ములు ఏకమవుతారు, వదిలేస్తే వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారని త్సావ్ త్సావ్ సలహాదారు గ్వో జ్యా చెప్పాడు. త్సావ్ త్సావ్ సైన్యాన్ని వెనక్కి తిప్పాడు. 203 దాటకముందే టాన్, షాంగ్ కొట్టుకున్నారు. ఓడిన అన్న వెళ్లి ఆ త్సావ్ త్సావ్‌నే సాయం అడిగాడు, వియ్యం కూడా అందాడు. 205లో ఆ వియ్యంకుడి సైన్యం చేతిలోనే పోయాడు.

నాకు బాగా నచ్చింది ల్యూ బ్యావ్ ఉత్తరాలు. దక్షిణాన జింగ్ రాష్ట్రం ఏలుతూ కూర్చుని, అన్నదమ్ములు కలిసుండాలని టాన్‌కీ షాంగ్‌కీ చెరో ఉత్తరం రాశాడు. అప్పటికి మీరు ఆయన ఇంట్లోనే కాళ్లు బారజాపుకుని ఉన్నారు. చిన్నకొడుకు త్సోంగ్, ల్యూ బ్యావ్ రెండో భార్య మేనకోడల్ని చేసుకున్నాడు. ఇక పెద్దకొడుకు చీకి నిద్ర ఉంటుందా? సలహా అడిగితే పేరుమోసిన వ్యూహకర్త జూగె ల్యాంగ్ ప్రతిసారీ మాట దాటేసేవాడు. ఒకరోజు ఆయన్ని మేడ ఎక్కించి, నిచ్చెన తీయించేశాడు. ఇప్పుడు పైకి పోలేం, కిందికి దిగలేం, మీ నోట్లోంచి వచ్చిన మాట నా చెవిలోనే పడుతుంది, చెప్పండి అన్నాడు. టెన్షన్ అంటే అదీ! బయటికి పోయినవాడే బతికాడన్న పాత యువరాజుల కథ విని, చీ జ్యాంగ్‌శ్యా అనే చోట ఉద్యోగం సంపాదించుకుని బయటపడ్డాడు. 208లో ల్యూ బ్యావ్ పోగానే, త్సోంగ్ యుద్ధం లేకుండా త్సావ్ త్సావ్‌కు లొంగిపోయాడు.

అంతకు ముందు ఏడు యువాన్ అన్నదమ్ముల్లో మిగిలిన ఇద్దరూ ఈశాన్యాన ఉన్న ల్యావ్‌దుంగ్‌కు పారిపోయి అక్కడి పాలకుడికి చిక్కారు. నేల చల్లగా ఉందని షాంగ్ కూర్చోడానికి చాప అడిగాడు. తల వేల మైళ్ల ప్రయాణం పోతుంటే చాపెందుకని జవాబు. నాలుగు రాష్ట్రాల వారసుడండీ, చివరికి చాప దగ్గర ఆగిపోయాడు.

త్సావ్ త్సావ్ ఇంటికీ వెళ్లారు మీరు, గుమ్మం దాకా. కొడుకులు పీ, జీ ఇద్దరిలో వారసుడు ఎవరని ఆయన అడిగితే సలహాదారు జ్యా షూ మాట్లాడలేదు. ఏమిటాలోచన అంటే, యువాన్ షావ్, ల్యూ బ్యావ్‌ల గురించి, వాళ్ల కొడుకుల గురించి అన్నాడు. త్సావ్ త్సావ్ పెద్దగా నవ్వాడు. 217లో పీ పేరు ఖాయమైంది. మీరు మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది.

జవాబు రాయండి. తొందరేం లేదు.

ఇట్లు,
వీలునామా ఇంకా రాయని ఒక తండ్రి