సవరణ: ఆ 1444 స్తంభాలు ఆబూలో లేవు

కడప నుంచి మేం చేసిన రాజస్థాన్ ప్రయాణం గురించి రాస్తూ, మౌంట్ ఆబూలోని దిల్వాడా జైన ఆలయాల్లో 1444 స్తంభాలున్నాయని పోయినసారి చెప్పాను. తప్పు. ఆ లెక్క రాణక్‌పూర్ గుడిది, అది పాలీ జిల్లాలో ఉంది. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటూ రాయడంతో రెండూ కలగాపులగం అయ్యాయి. దిల్వాడా లోపల ఫొటోలు తీయనివ్వరు, నా దగ్గరున్నవన్నీ రాణక్‌పూర్‌వే. అప్పుడైనా అనుమానం రావాల్సింది!

దీనికన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది. దిల్వాడాలో పేరున్న రెండు గుళ్ళనూ ఒక్కరే కట్టించారని రాశాను. ఆదినాథుడి గుడి విమల వసహిని 1031లో కట్టించింది విమల్ షా. ఆయన గుజరాత్ చౌళుక్య రాజు మొదటి భీముడి దగ్గర మంత్రి. నేమినాథుడి గుడి లూణ వసహి మాత్రం దాదాపు రెండొందల ఏళ్ళ తర్వాత, 1230 నాటిది. వస్తుపాలుడు, తేజపాలుడు అనే అన్నదమ్ములు కట్టించారు. తోడికోడళ్ళ పేరుతో పిలిచే గూళ్ళు, అంటే పోయినసారి నేను రాసిన గోడలోని పాలరాతి అరలు కూడా ఇందులోవే, విమల వసహిలోవి కావు. వాటిని చూసి మా అత్త "ఇక్కడ కూడా పోటీనేనా" అని నవ్వింది. ఆ ముక్క మాత్రం సరిగ్గానే రాశాను.

దిల్వాడాకు ఏ వేళకు వెళ్ళాలని ప్రొద్దుటూరు నుంచి ఒకాయన టెన్షన్‌గా అడిగారు కాబట్టి ఇదీ చెబుతున్నా: పొద్దున్నే పొమ్మన్న నా సలహా వదిలేయండి. జైనులు కాని పర్యాటకులను మధ్యాహ్నం 12 తర్వాతే లోపలికి పంపుతారు. తోలు బెల్టు, పర్సు బయటే పెట్టాలి.