సొన చేతులకు పెన్నే నయం

ఫోన్ ఉండగా పనికి కాగితం ప్లానర్ ఎందుకని మీ వ్యాసంలో అడిగారు. నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయల లోడ్లు దింపించే పని చూస్తాను. జూన్, జులైల్లో తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరతాయి. సొన అంటిన వేళ్లకు టచ్ స్క్రీన్ లొంగదు, పెన్ను లొంగుతుంది.

మూడేళ్ల కిందట నేను పెట్టుకున్న రిమైండర్ ఒకటి మెసేజీల కింద పడిపోయింది. ఒక రైతు లోడుతో రాత్రంతా గేటు దగ్గరే ఉండిపోయాడు. పొద్దున చూస్తే అడుగు కాయలు మెత్తబడి రసం కారుతున్నాయి. ఆయన ముఖం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అప్పటి నుంచి టీటీడీ డైరీయే నా ప్లానర్. టోకెన్ నంబరు, కాటా టైము ఆ రోజు పేజీలో రాస్తాను. అయిన పని కొట్టేస్తాను. కానిది రేపటి పేజీలో మళ్లీ చేత్తో రాస్తాను. మూడోసారీ రాయాల్సి వచ్చిందంటే అదెక్కడో చిక్కుకుందని అర్థం, వెంటనే మేనేజర్‌గారి దగ్గరికి వెళ్తాను.

మిగిలిపోయిన పనికి కచ్చితమైన ప్లాన్ వేసుకుంటే అది మనసును తొలచడం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూపారు. నా అనుభవమూ అదే, రాత్రి డైరీ మూశాక టెన్షన్ ఉండదు. అందరూ చూడాల్సిన షెడ్యూల్ మాత్రం ఫోన్‌లోనే ఉండాలన్న మీ మాటతో ఏకీభవిస్తాను.