డబ్బాలో మిగిలిన అర లీటరు ఇంజన్ ఆయిల్ గారికి

మహారాజశ్రీ అర లీటరు గారి సముఖానికి,

ఒక కారు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ ఇంజన్ క్షేమంగా ఉన్నది. తమరు డబ్బాలోనే కొలువుదీరి ఉన్నంతకాలం ఆ క్షేమానికి లోటు రాదని నమ్ముతున్నాను. తమరు బయటికి రావాలని ఉబలాటపడుతున్నట్లు తెలిసి, ఆ విషయమై నాలుగు మాటలు విన్నవించుకోవడానికే ఈ లేఖ.

తమరి పుట్టుకలో తమరి తప్పేమీ లేదు. ఆయిల్ కంపెనీలు తమ సౌకర్యం కొద్దీ 3 లీటర్లు, 3.5 లీటర్లు, 4 లీటర్ల డబ్బాలు నింపుతాయి. ఇంజన్ చేసినవారు ఆ డబ్బాలను ముందు పెట్టుకుని, ఇంజన్ అడుగున నూనె నిలిచే ఛాంబర్ కొలత నిర్ణయించలేదు. చిన్న పెట్రోలు కార్లు చాలావాటికి ఫిల్టరుతో సహా ఆయిల్ మారిస్తే పట్టేది సుమారు మూడు లీటర్లు. కాబట్టి 3.5 లీటర్ల డబ్బా కొన్నవాడికి తమరు మిగిలి తీరుతారు. మిగిలినది పక్కన పెట్టుకుంటే సరిపోయేది. కానీ కేజీ వంకాయలు తూచాక రెండు కొసరు వేయనిదే సంచి మూయని జాతి మాది. డబ్బు పోసి కొన్న సరుకు డబ్బా అడుగున ఉండిపోతే మాకు నిద్ర పట్టదు.

సర్వీసు షెడ్డులో తమరికి జరిగే పట్టాభిషేకం చూసి తీరవలసినది. కుర్రవాడు నీళ్ల సీసాను సగానికి కోసి చేసుకున్న గరాటును ఇంజన్ మూతి మీద పెట్టి, పోయవలసినంత పోసి, డబ్బా పక్కన వాలుగా కనిపించే గీతల వైపు ఒకసారి చూసి, "ఫుల్ అయింది సార్" అంటాడు. యజమానికి ఆ మాట రుచించదు. "ఆ మిగిలింది కూడా పోసెయ్ తమ్ముడూ, ఇంటికి తీసుకెళ్లి నేనేం చేసుకుంటాను? కొంచెం ఎక్కువుంటే ఇంజన్‌కే మంచిది" అని సెలవిస్తాడు. కుర్రవాడు వాదించడు, బండి తనది కాదు. డబ్బాను గరాటు మీద తలకిందులు చేసి, బానెట్ కడ్డీకి ఆనించి పోతాడు. ధార దారమంత సన్నబడి, దారం చుక్కలుగా తెగి, ఆఖరి చుక్క మూతి దగ్గర వేలాడుతూ ఎటూ తేల్చుకోలేక నిలిచేసరికి యజమాని టీ కూడా అయిపోతుంది. ఆ తరువాత నూనె మట్టం కొలిచే ఆయిల్ స్టిక్‌ను ఎవరూ బయటికి తీసి చూడరు. చూస్తే తమరి ప్రవేశం అక్రమమని తేలిపోతుంది కదా.

తమరు చేరిన చోటు ఎలాంటిదో తమరికి చెప్పినవారు ఉండరు. స్టిక్ మీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. చాలా కార్లలో ఆ రెండింటి మధ్య పట్టేది ఇంచుమించు ఒక లీటరు, చిన్న ఇంజన్లలో అంతకన్నా తక్కువ. అంటే నిండుగా ఉన్న ఇంజన్‌లోకి తమరు దిగితే, ఆ రెండు గీతల మధ్య ఎంత ఎడముందో అందులో సగమైనా పై గీత మీదికి ఎక్కి కూర్చుంటారు. పై గీతకు పైన కనిపించే జాగా ఊరికే ఖాళీగా వదిలినది కాదు. అది పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, తిరిగే జాగా. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో క్రాంక్ బరువులు సెకనుకు 50 సార్లు ఆ జాగాలోంచి దూసుకుపోతాయి. నూనె మట్టం వాటికి అందేంత ఎత్తుకు వచ్చిందంటే అవి నూనెను చిలకడం మొదలుపెడతాయి. చిలికిన నూనె నురగ కడుతుంది. ఛాంబర్ అడుగున ఉన్న పంపు ఆ నురగనే లాగి బేరింగులకు పంపుతుంది. నూనె ఒత్తిడిని తట్టుకుంటుంది, గాలి బుడగ తట్టుకోలేదు. లోహానికీ లోహానికీ మధ్య నిలవవలసిన పొర అక్కడక్కడా చిరుగుతుంది, వాల్వులను కదిలించే టాపెట్లు టకటకమంటాయి, ఒత్తిడి ఒక నిలకడ మీద ఉండదు. ఎక్కువుంటే మంచిదని పోయించుకున్న పెద్దమనిషి బండి, చివరికి నూనె చాలని బండి పడే బాధే పడుతుంది. పైగా నూనెను చిలకడానికి అయ్యే శ్రమ కూడా పెట్రోలు ఖాతాలోనే పడుతుంది.

తమరు అంతటితో ఆగుతారా అంటే ఆగరు. పొగమంచులా మారి, ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఇంజన్ గాలి పీల్చే దారిలో చేరి, పెట్రోలుతో పాటు తమరూ కాలి, సైలెన్సర్ వెనుక నీలి పొగగా దర్శనమిస్తారు. ప్లగ్గులకు మసి పట్టిస్తారు. పొగలోని విషవాయువులను తగ్గించే ఖరీదైన కేటలిటిక్ కన్వర్టర్‌కు ఆయుష్షు తగ్గిస్తారు. లోపల ఒత్తిడి పెరిగితే ఆయిల్ సీళ్ల దగ్గర చెమర్చి, వెనుక సీలు దాటి క్లచ్ ప్లేటు దాకా చేరిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు గేర్‌బాక్సు దింపనిదే పని జరగదు. నీలి పొగ చూసి బండి బోరుకొచ్చిందని కంగారుపడి, ఇంజన్ విప్పించడానికి సిద్ధపడేవారు ముందుగా ఒక్కసారి స్టిక్ తీసి చూసుకుంటే కొన్నిసార్లు ఆ ఖర్చే తప్పిపోతుంది.

డీజిల్ బండిలో తమరి లీల ఇంకొక మెట్టు పైన ఉంటుంది. డీజిల్ ఇంజన్‌కు స్పార్కు అక్కరలేదు, వేడెక్కిన గాలిలోకి మండేది ఏదైనా వస్తే చాలు. బ్రీదర్ దారిన నూనె ధారాళంగా వెళ్లిందంటే ఇంజన్ తన నూనెనే తాగుతూ, ఎవరూ యాక్సిలరేటర్ తొక్కకుండానే రంకెలు వేస్తూ పరుగెత్తుతుంది. తాళం తిప్పి ఆపుదామంటే తాళం ఆపేది డీజిల్‌ను, తమరిని కాదు. గేర్లు మార్చుకునే బండి అయితే బ్రేకు బిగించి తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలి ఆపవలసి వస్తుంది. లేదా గాలి అందకుండా మూయాలి. ఇది అరుదుగా జరిగేదే, కాదనను. కానీ జరిగినప్పుడు వెంటనే ఆపలేకపోతే ఇంజన్ మిగలకపోవచ్చు.

డీజిల్ విషయంలో తమరికి ఒక పోటీదారు కూడా తయారయ్యాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి వాహనాల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు మామూలైపోయింది. ఆ మసిని కాల్చడానికి కొన్ని ఇంజన్లు సిలిండర్లలోకి అదనంగా డీజిల్ చిమ్ముతాయి. ఆఫీసుకూ ఇంటికీ మధ్య చిన్న దూరాలే తిరుగుతూ, కాల్చే పని సగంలో ఉండగా ఆగిపోయే బండిలో ఆ డీజిల్ కొంత గోడల వెంట జారి ఛాంబర్‌లోని నూనెలో కలుస్తుంది. అప్పుడు ఎవరూ చుక్క పోయకుండానే స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. పెరిగిందని సంతోషించే యజమానులు కూడా ఉన్నారు, మా బండి నూనె తాగడం లేదు చూశారా అంటూ. నూనె పలచబడుతున్నదన్న సంగతి వారికి సర్వీసు బిల్లులోనే తెలుస్తుంది.

అయినా తమరికి తలుపులు తెరిచేది చాలాసార్లు దురాశ కాదు, తప్పుడు కొలత. అపార్ట్‌మెంటు సెల్లార్‌కు దిగే ర్యాంపు మీద, ముందు చక్రాలు కిందికీ వెనుక చక్రాలు పైకీ ఉన్న స్థితిలో బానెట్ ఎత్తి స్టిక్ లాగితే అది ఏదో ఒకటి చెబుతుంది గానీ నిజం చెప్పదు. ఇంజన్ ఆపిన మరుక్షణం చూసినా అంతే. నూనె ఇంకా ఇంజన్ పై భాగమైన హెడ్‌లోనూ పై దారుల్లోనూ ఉంటుంది, కిందికి చేరలేదు, స్టిక్ తక్కువ చూపిస్తుంది, వెంటనే తమరికి పిలుపు వెళుతుంది. ఇక డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ దీపం వెలగలేదు కనుక మట్టం బాగానే ఉందనుకునేవారు వేరే కోవ. చాలా బండ్లలో ఆ దీపం చెప్పేది ఒత్తిడి గురించి, మట్టం గురించి కాదు. అది వెలిగేదాకా ఆగినవాడు పక్కకు ఆపి ఇంజన్ కట్టేయడం తప్ప చేయగలిగింది లేదు.

కాబట్టి తమరి ప్రవేశానికి ఇకమీదట పాటించే పద్ధతి ఇది. బండి సమతలం మీద నిలుస్తుంది. ఇంజన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగుతాం. ఇంజన్ వేడిగా ఉండాలా చల్లగా ఉండాలా అన్నది బండితో వచ్చిన పుస్తకంలో చూస్తాం, ఎందుకంటే అన్ని కంపెనీలదీ ఒకే మాట కాదు. స్టిక్ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, చివరిదాకా దించి, మళ్లీ తీసి, కొనను కిందికే ఉంచి రెండు వైపులా చూస్తాం. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనిపిస్తే తక్కువనే నమ్ముతాం. రెండు గీతల మధ్య ఎక్కడున్నా తమరికి పిలుపు ఉండదు. కింది గీతను సమీపిస్తేనే తమరిని రప్పిస్తాం, అదీ ఒక్కసారిగా కాదు, 200 మిల్లీలీటర్ల చొప్పున. పోసిన నూనె హెడ్ దాటి ఛాంబర్‌కు చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆగి, మళ్లీ కొలిచి, చాలకపోతేనే మరికొంత. పై గీతకు కొంచెం కిందనే ఆపుతాం. పుస్తకంలో ఆయిల్ పరిమాణం దగ్గర రెండు మూడు అంకెలు కనిపిస్తే, పూర్తిగా విప్పి బిగించిన పొడి ఇంజన్‌కు రాసిన పెద్ద అంకెను తమరు సిఫార్సు ఉత్తరంగా చూపించవద్దు. డ్రెయిన్ బోల్టు తీసినా లోపల కొంత పాత నూనె ఉండిపోతుంది గనుక మాకు పనికివచ్చేది ఫిల్టరుతో సహా మార్పు అని రాసిన అంకె.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. పై గీత మీద ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కినంత మాత్రాన ఇంజన్ ఏమీ కూలిపోదు, అందుకోసం నిద్ర మానుకోనవసరం లేదు. కానీ తమరు ఒక్కరు పూర్తిగా, లేదా తమరికి తోడు మరో అర లీటరు లోపల చేరి ఉంటే, బండిని షెడ్డు దాకా నడిపించడం కూడా వద్దు. స్టిక్ గొట్టంలోంచి సన్నని పైపు దింపి పంపుతో గానీ పెద్ద సిరంజితో గానీ లాగేయడం శుభ్రమైన దారి. కింద బోల్టు వదులు చేసి కొంచెం వదిలిద్దామనుకునేవారు ఒక్కసారి ఆలోచించుకోవాలి. వేడి నూనె చేతిమీద పడుతుంది, 'కొంచెం' అన్నది తమరికి తెలిసిన మాట కాదు.

తమరి బస ఇకపై డబ్బాలోనే. మూత బిగించి, నిలువుగా, ఎండ తగలని చోట ఉంచుతాం. మీద నూనె చిక్కదనం తెలిపే గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉన్నదో, 0డబ్ల్యూ-20 అని ఉన్నదో ఆ అక్షరాలు చెరిగిపోకుండా చూసి, మూత తీసిన తేదీని మార్కరు పెన్నుతో రాస్తాం. అదే గ్రేడు అడిగే బండికి, అదీ స్టిక్ అడిగినప్పుడే తమరు బయలుదేరాలి.

ఇట్లు,
తమరి డబ్బా మూత బిగించినవాడు

తా.క. పక్కనే నిలిపి ఉన్న బైకు వైపు చూస్తున్నట్లు తెలిసింది. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ నూనెలోనే మునిగి ఉంటాయి. జారుడు పెంచే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే ఆ క్లచ్ జారవచ్చు. అలాంటి క్లచ్‌కు పనికివస్తుందని చెప్పే జాసో ఎంఏ అన్న ముద్ర తమరి డబ్బా మీద లేదు, నేను చూశాను. గేటు కీళ్లు కిర్రుమంటున్నాయి, ఖాళీగా ఉండలేకపోతే రెండు చుక్కలు అక్కడ వేయిస్తాను.