ఉచిత బడి జననాలను తగ్గించలేదన్న వాదనలో ఉన్న పొరపాట్లు

ఆఫ్రికా దేశాలు ప్రాథమిక పాఠశాలల్లో ఫీజులు రద్దు చేసి పాతికేళ్లు దాటినా అక్కడి స్త్రీలు ఇంకా ఐదుగురు పిల్లల్ని కంటూనే ఉన్నారనీ, ఆడపిల్లల చదువుకూ జననాలకూ సంబంధం ఉందన్నది ఒక నమ్మకమే తప్ప రుజువైన విషయం కాదనీ చెప్పే వాదన ఒకటి తెలుగులో విరివిగా ప్రచారమవుతోంది. ఆ వాదన చెప్పేది ఇది: ఉగాండా 1997లో ఫీజులు ఎత్తివేసినా పదేళ్ల తరువాత కూడా సంతానోత్పత్తి రేటు కదలలేదు, చదువుకున్న స్త్రీలు తక్కువమందిని కనడానికి కారణం వారి కలిమే గానీ చదువు కాదు, బడి వల్ల కాన్పు కొన్నేళ్లు వెనక్కి జరుగుతుందేమో గానీ పిల్లల సంఖ్య మారదు, ఆంధ్రప్రదేశ్‌లో చదువుతో పని లేకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లతోనే జననాలు తగ్గాయి, పైగా ఉచిత బడుల్లో పిల్లలకు చదువు అబ్బదు. ఈ చివరి మాటలో కొంత నిజముంది. ఆంధ్రప్రదేశ్ గురించిన మాటను తేలిగ్గా తోసిపుచ్చడానికి వీల్లేదు, దానికి వివరంగానే జవాబు చెప్పాలి. మిగిలినవి లెక్కకు నిలవవు.

ముందుగా ఉగాండా సంగతి. 1996 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో దేశాధ్యక్షుడు ముసెవెని ఇచ్చిన హామీ ప్రకారం 1997 జనవరి నుంచి అక్కడ ప్రాథమిక విద్య ఉచితమైంది. మొదట కుటుంబానికి నలుగురు పిల్లలకే పరిమితం చేసి, తరువాత అందరికీ వర్తింపజేశారు. సుమారు 30 లక్షలుగా ఉన్న ప్రాథమిక పాఠశాలల నమోదు ఆ ఒక్క ఏడాదిలోనే 50 లక్షలు దాటింది. సంతానోత్పత్తి రేటు, అంటే ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్య, 1995 సర్వేలో 6.9 ఉండగా 2006 సర్వేలో 6.7గా తేలింది. వాదన చేసేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, పదేళ్లలో తగ్గింది ఇంతేనా అని అడుగుతున్నారు. అంకెలు నిజమైనవే. వాటిని ఏ వయసు స్త్రీల నుంచి సేకరించారన్నది మాత్రం వారు చూడలేదు.

1997లో ఆరేళ్ల వయసులో ఒకటో తరగతిలో చేరిన బాలిక 1991లో పుట్టింది. 2006 సర్వే నాటికి ఆమెకు పదిహేనేళ్లు. ఆ సర్వే లెక్కించింది 15 నుంచి 49 ఏళ్ల స్త్రీల కాన్పులను, అంటే 1957 మొదలుకొని 1991 వరకు పుట్టినవారి కాన్పులను. వీరిలో అత్యధికులు ఫీజులు కట్టవలసిన రోజుల్లోనే బడికి వెళ్లినవారు, లేదా ఫీజు కట్టలేక బడి ముఖమే చూడనివారు. ఉగాండాలో వయసు మీరాక బడిలో చేరే అలవాటు ఎక్కువ కాబట్టి 1997 నాటికి పన్నెండు, పదమూడేళ్లున్న కొందరికి కూడా ఈ విధానం కొంత మేలు చేసింది. అయినా 2006లో వారికి ఇరవై రెండేళ్లకు మించవు. అంటే ఉచిత విద్య ఫలితాన్ని ఆ విద్య అందని తల్లుల కాన్పుల్లో వెతికి, కనిపించలేదని తీర్పు చెబుతున్నారన్నమాట. మొదటి నుంచీ ఉచితంగా చదివిన తరం పూర్తిగా పిల్లల్ని కనే వయసుకు చేరింది 2010ల నడిమి నుంచే. 2011 సర్వేలో 6.2కు, 2016లో 5.4కు, 2022లో 5.2కు రేటు దిగింది. ఈ తగ్గుదల మొత్తాన్ని బడి ఖాతాలో వేయడం కూడా సరికాదు. ఇదే కాలంలో పిల్లల మరణాలు తగ్గాయి, ఏదో ఒక గర్భనిరోధక పద్ధతి వాడే వివాహితులు 2006లో 24 శాతం ఉండగా 2016కు 39 శాతమయ్యారు. బడి వాటా ఎంతో తేల్చడానికి దేశం మొత్తం సగటు పనికిరాదు, దానికి వేరే పద్ధతి కావాలి.

ఆ పద్ధతే రెండో అభ్యంతరానికీ జవాబు. కలిగిన ఇంటి పిల్ల చదువుకుంటుంది, కలిగిన ఇంటి కోడలై తక్కువమందిని కంటుంది, ఇందులో చదువు పాత్ర ఏముంది అన్న ప్రశ్న న్యాయమైనదే. చదువుకున్నవారినీ చదువుకోనివారినీ ఊరికే పోల్చి చూస్తే ఆ ప్రశ్నకు సమాధానం దొరకదు. అందుకే పరిశోధకులు ఫీజుల రద్దునే ఒక కొలబద్దగా వాడుకున్నారు. ఒక బాలిక రెండేళ్లు ముందు పుట్టి, రద్దు నాటికి బడి వయసు దాటిపోయి అవకాశం పోగొట్టుకుందా, రెండేళ్లు తరువాత పుట్టి అందుకుందా అన్నది ఆమె తండ్రి ఆస్తిని బట్టి నిర్ణయమయ్యేది కాదు. వయసులో ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఉగాండా స్త్రీలను పోల్చినప్పుడు, ఎక్కువ చదివినవారికి తొలి కాన్పు ఆలస్యమైందనీ, మొత్తం పిల్లల సంఖ్య కూడా తగ్గిందనీ, వారి పిల్లల్లో పోషకాహార లోపం తక్కువగా ఉందనీ తేలింది.

నైజీరియా సాక్ష్యం ఇంకా పాతది. అక్కడ 1976 సెప్టెంబరులో సార్వత్రిక ప్రాథమిక విద్య మొదలైంది. బడుల నిర్మాణానికి కేంద్రం ఇచ్చిన డబ్బు అన్ని రాష్ట్రాలకూ ఒకే పాళ్లలో అందలేదు. 1981 తరువాత నిధులు తగ్గి కొన్నిచోట్ల ఫీజులు మళ్లీ వచ్చాయి. ఎక్కువ డబ్బు అందిన రాష్ట్రాల్లో సరైన వయసులో ఉన్న బాలికలను, తక్కువ అందిన రాష్ట్రాల వారితోనూ, తమకన్నా ముందుతరం వారితోనూ ఆర్థికవేత్తలు ఉనా ఒసిలి, బ్రిజెట్ టెర్రీ లాంగ్ పోల్చి చూశారు. 2008లో వెలువడిన వారి అధ్యయనం ప్రకారం, ఒక ఏడాది అదనపు చదువు పాతికేళ్ల లోపు కాన్పులను 0.26 మేర తగ్గించింది. అంటే నాలుగేళ్లు ఎక్కువ చదివిన యువతికి పాతికేళ్లు నిండేనాటికి సుమారు ఒక బిడ్డ తక్కువ. కలిమి వల్లే ఇదంతా అనేవారు, బడి కట్టడానికి వచ్చిన డబ్బు ఆ ఇళ్లను ఏ విధంగా కలిగిన ఇళ్లుగా మార్చిందో చెప్పవలసి ఉంటుంది.

కాన్పు వెనక్కి జరిగితే చాలదు, సంఖ్య మారాలి అన్న మూడో మాట దగ్గర నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ ఆలస్యం విలువ తెలియనివారే అలా అనగలరు. పదిహేనేళ్లకే గర్భం దాల్చిన బాలికకు ఎముకలు పూర్తిగా ఎదగక బిడ్డ అడ్డం తిరిగినా, తల ఇరుక్కున్నా, దగ్గర్లో ఆసుపత్రి లేకపోతే రోజుల తరబడి నొప్పులు పడి, బతికి బయటపడినా మూత్రం అదుపు తప్పే ఫిస్టులాతో జీవితాంతం మిగిలిపోవచ్చు. అలాంటి స్త్రీలకు శస్త్రచికిత్స చేయడానికే వైద్యులైన కేథరిన్ హామ్లిన్ దంపతులు 1974లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ప్రత్యేకంగా ఆసుపత్రి నెలకొల్పవలసి వచ్చింది. అదే ఇథియోపియాలో 1994 విద్యా విధానం ఫీజులను తొలగించి, ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలో బోధనకు వీలు కల్పించింది. ఫీజుల రద్దు వల్ల అక్కడి స్త్రీల చదువు సగటున ఏడాదిన్నరకు పైగా పెరిగిందనీ, పెళ్లీ, తొలి కాన్పూ, రెండో కాన్పూ ఆలస్యమయ్యాయనీ, సంతానం తగ్గిందనీ, మెరుగైన ఉపాధి అవకాశాలు కూడా ఇందుకు తోడ్పడ్డాయనీ ఒక అధ్యయనం చూపించింది. ఇక లెక్క ప్రకారం చూసినా ఆలస్యం వృథా పోదు. ప్రతి తరంలోనూ తల్లి పద్దెనిమిదేళ్లకు కంటే 72 ఏళ్లలో నాలుగు తరాలు పుడతాయి. ఇరవై నాలుగేళ్లకు కంటే మూడే పుడతాయి. తల్లికి పిల్లలు ఎందరన్న అంకె మారకపోయినా జనాభా పెరిగే వేగం దానివల్లే తగ్గుతుంది.

ఇక ఆంధ్రప్రదేశ్. ఈ వాదనలో అన్నిటికన్నా బలమైన భాగం ఇదే, తెలుగు పాఠకులను ఎక్కువగా ఒప్పించేదీ ఇదే. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీల అక్షరాస్యత 33 శాతం లోపే. కేరళలో అది 86 శాతం. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో మన సంతానోత్పత్తి రేటు 1992–93లో 2.59, 1998–99లో 2.25, 2005–06లో 1.79గా నమోదైంది. కేరళ దశాబ్దాల పాటు బడులు కట్టి చేరుకున్న మజిలీకి మనం ఆపరేషన్ల శిబిరాల దారిలో చేరుకున్నాం. కాబట్టి చదువు లేనిదే జననాలు తగ్గవని ఎవరైనా అంటే అది తప్పని నేనూ ఒప్పుకుంటాను. కానీ చదువు లేకుండా కూడా తగ్గవచ్చు అన్న మాట ఒకటి, చదువు వల్ల తగ్గవు అన్న మాట వేరొకటి. మొదటిది రుజువైనంత మాత్రాన రెండోది రుజువు కాదు.

ఆ దారిలో వచ్చిన తగ్గుదల స్త్రీల జీవితాల్లో ఏం మార్చిందో, ఏం మార్చలేదో కూడా చూడాలి. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ రేటు 1.7కు చేరింది; అంటే చాలా ఐరోపా దేశాల స్థాయి. అదే సర్వేలో, అదే రాష్ట్రంలో, 20–24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది; తెలంగాణలో ఇది 23.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల బాలికల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భిణులో. ప్రస్తుతం వివాహితులుగా ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. పదిహేడేళ్లకు పెళ్లి, పంతొమ్మిదికి ఒక బిడ్డ, ఇరవై ఒకటికి మరో బిడ్డ, ఇరవై మూడుకు ఆపరేషన్: ఎన్నో పల్లెల్లో మనం కళ్లారా చూసిన క్రమం ఇది. పిల్లల సంఖ్య తగ్గింది, కానీ పెళ్లి వయసు మీద, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం మీద, కనాలా వద్దా అన్న నిర్ణయం మీద ఆమె మాట చెల్లుబాటు కాలేదు. బడి చేయగలిగిందీ, శిబిరం చేయలేకపోయిందీ సరిగ్గా ఇదే. అంకె ఒకటే కదా అని ఈ రెండు దారులనూ సమానం చేయడానికి నా మనసు అంగీకరించదు.

కుటుంబ నియంత్రణను ఒకవైపు, చదువును మరోవైపు నిలబెట్టి పోటీ పెట్టడం కూడా సరికాదు. ఇథియోపియాలో వివాహితుల్లో గర్భనిరోధక పద్ధతులు వాడేవారు 2000లో 8 శాతం, 2016లో 36 శాతం. ఆ మార్పును ఊళ్లలోకి మోసుకెళ్లింది 2003లో మొదలైన గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం. దానికింద ముప్పై వేలకు పైగా యువతులను నియమించారు. ఆ ఉద్యోగానికి సాధారణంగా కావలసిన అర్హత పదో తరగతి. ఆడపిల్లలు బడికి వెళ్లని దేశంలో పదో తరగతి పూర్తి చేసిన అంతమంది యువతులు దొరికేవారు కారు.

చివరిది, ఉచిత బడుల్లో చదువు అబ్బదన్న మాట. మలావీ 1994లో ఫీజులు రద్దు చేసినప్పుడు, ఉగాండా 1997లో చేసినప్పుడు, కెన్యా 2003లో చేసినప్పుడు, పిల్లలు ఒక్కసారిగా వచ్చిపడ్డారు గానీ గదులూ ఉపాధ్యాయులూ ఆ వేగంతో పెరగలేదు. వందమంది కూర్చున్న తరగతిలో నేర్చుకునేది తక్కువే, దీన్ని దాచవలసిన పని లేదు. అయితే ఇది బడుల్లో ఉపాధ్యాయులను నియమించాలనడానికి కారణమవుతుంది గానీ ఫీజులు మళ్లీ పెట్టాలనడానికి కారణం కాదు. పైగా బడిలో ఉండటమే బాలికకు కొంత రక్షణ అని కెన్యా అనుభవం చెబుతోంది. ఫీజులు పోయినా యూనిఫాం కొనుక్కోవలసిన ఖర్చు అక్కడ మిగిలిపోయింది. పశ్చిమ కెన్యాలోని 328 పాఠశాలల్లో ఆర్థికవేత్తలు ఎస్తేర్ దుఫ్లో, పాస్కలిన్ దుపా, మైకేల్ క్రేమర్ చేసిన అధ్యయనంలో, ప్రాథమిక విద్య చివరి మూడేళ్లూ ఉచితంగా యూనిఫాం ఇచ్చిన బడుల్లో మూడేళ్లు తిరిగేసరికి చదువు మానేసిన బాలికలు 19 శాతం నుంచి 16 శాతానికి, గర్భం దాల్చినవారు 16 శాతం నుంచి 13 శాతానికి తగ్గారు. బోధన మారలేదు, ఉపాధ్యాయులు మారలేదు, ఇచ్చింది బడి బట్టలు మాత్రమే.

ఉచిత ప్రాథమిక విద్యను తప్పుపట్టదలచినవారికి నిజంగా దొరికే లోపం మరొకటుంది, అది ఎక్కడ ఆగిపోతోందన్నది. ఉగాండాలో 1997లో ఒకటో తరగతిలో చేరిన బాలిక ఏడో తరగతి ముగించింది 2003లో. ఉచిత ఉన్నత పాఠశాల వచ్చింది 2007లో. మధ్యలోని ఆ ఏళ్లలో బయటికి వచ్చిన బాలికల ముందున్న తలుపు మళ్లీ ఫీజుదే. మన దేశంలో 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే హామీ ఇస్తుంది. పెళ్లికి చట్టం ఒప్పుకునే వయసు పద్దెనిమిది. ఈ నాలుగేళ్లలోనే, ఎనిమిదో తరగతికీ ఇంటర్ పూర్తి కావడానికీ మధ్యనే, పైన చెప్పిన 29.3 శాతంలో ఎక్కువమంది పెళ్లిపీటల మీద కూర్చున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్ని కస్తూర్బా విద్యాలయాలను ఇంటర్మీడియట్ వరకు పెంచడం సరైన దిశలో వేసిన అడుగు. ప్రతి మండలంలోనూ పదో తరగతి దాటిన ఆడపిల్లకు హాస్టలూ, కాలేజీకి వెళ్లడానికి బస్సూ ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టే వచ్చే సర్వేలో ఆ శాతం ఎంతవుతుందో తేలుతుంది.