శిక్షణ బల్ల మీద పిల్లల నోటుపుస్తకాలు ఉండాలి

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా వచ్చే పక్షులు ఎక్కడివని శ్రీకాకుళం జిల్లా బడుల్లో అడిగి చూడండి. సైబీరియా అన్న జవాబే ఎక్కువగా వినబడుతుంది. పిల్లలకు పెద్దలు చెప్పారు, పెద్దలు ఎక్కడో చదివారు. అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు నిజానికి దక్షిణాసియా పక్షులు. నీళ్లు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి తిరుగుతూ మన ప్రాంతాల్లోనే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. ఈ సంగతి పట్టుకోవడానికి పక్షిశాస్త్రం చదవక్కర్లేదు. "ఉత్తరాది చలి తప్పించుకోవడానికి వచ్చే పక్షి గూడు ఇక్కడ కడుతుందా, తన ఊళ్లో కడుతుందా?" అని టీచరు ఒక్క మాట అడిగితే చాలు, ఆరో తరగతి పిల్లలకు అనుమానం మొదలవుతుంది.

అలాంటి ప్రశ్న తరగతిలో పడాలంటే ముందు టీచరు దాన్ని రాసుకోవాలి. విమర్శనాత్మక ఆలోచన గురించి మనం టీచర్లకు ఇస్తున్న శిక్షణల్లో సరిగ్గా ఈ పనే జరగడం లేదు.

శిక్షణకు గంటలు తక్కువేం కాదు. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ గంటలు ఎలా గడుస్తున్నాయన్నదే సమస్య. ఉదయం నిర్వచనాలు చెబుతారు. తర్వాత గుర్తుంచుకోవడం నుంచి పైస్థాయి ఆలోచన దాకా మెట్లుగా పేర్చిన 1956 నాటి బ్లూమ్ వర్గీకరణ, ఆరు మెట్ల పిరమిడ్‌గా తెర మీదికి వస్తుంది. భోజనాలయ్యాక చార్టుల మీద గ్రూపు పని, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం. రాష్ట్రస్థాయిలో ఐదు రోజులు చెప్పింది జిల్లాలో మూడు రోజులై, మండలానికి ఒక రోజులో ముగుస్తుంది. ఇలా దిగేటప్పుడు స్లైడ్లు చెక్కుచెదరకుండా చేరతాయి, ఆ పని ఎందుకు చేయాలన్న కారణాలు మాత్రం దారిలో జారిపోతాయి. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికా పరిశోధకులు 1980లలోనే ఈ సంగతి తేల్చారు. సిద్ధాంతం వినడం, నమూనా పాఠం చూడడం, శిక్షణ గదిలో సాధన చేయడం వరకే ఆగితే తరగతి గదికి చేరేది చాలా తక్కువ. సొంత తరగతిలో తోటి టీచరు పక్కన ఉండి సాయం చేసినప్పుడే కొత్త పద్ధతి నిలబడుతుంది.

ఆ తోటి టీచర్లు మనకు నెలనెలా కలిసే చోటు ఒకటుంది, స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. కొత్త పథకమో కొత్త యాపో అక్కర్లేకుండా ఆ సమావేశంలో రెండు గంటలు విడిగా ఉంచగలిగితే చాలు. ఒకే సబ్జెక్టు చెప్పే 12 నుంచి 15 మంది, ముందే అనుకున్న ఒకే పాఠంతో రావాలి. ఒక్కొక్కరూ ఆ పాఠం మీద తమ పిల్లలు రాసిన జవాబులు ఐదు తేవాలి: బాగున్నవి రెండు, తప్పులు రెండు, ఎందుకలా రాశారో అంతు చిక్కనిది ఒకటి. ఫొటో చాలు, పేరు కనబడకుండా. మొదటి నలభై నిమిషాలు వాటిని పైకి చదవాలి. మార్కులు వేయకూడదు. ఈ బిడ్డ ఏమనుకుని ఇలా రాసి ఉంటుంది అన్నదే చర్చ. టీచర్లు నేర్చుకునేది ఎక్కువగా ఇక్కడే. తప్పు జవాబుల్లో చాలావాటి వెనక ఒక తర్కం ఉంటుంది, గైడు నుంచి దించిన ఒప్పు జవాబు వెనక ఏమీ ఉండదు. నిండు మార్కులు వచ్చిన పేపరు ఆలోచనకు సాక్ష్యం కాదని కళ్లారా చూసిన టీచరుకు పిరమిడ్ చూపించక్కర్లేదు.

తర్వాతి అరగంట ప్రశ్నలు రాసుకోవడానికి. ఒక పీరియడుకు మూడు ప్రశ్నలు, అంతకు మించొద్దు. రాసిన ప్రతిదానికీ ఒక పరీక్ష పెట్టాలి: పాఠంలో ఒక వాక్యం కింద గీత గీస్తే జవాబు అయిపోతుందా? అయితే కొట్టేయండి. "ఎందుకు" అని మొదలైనంత మాత్రాన అది ఆలోచన ప్రశ్న అయిపోదు. పుస్తకంలో ఆ "ఎందుకు"కు తయారు జవాబు ఉంటే అదీ కంఠస్థమే. మిగిలిన సమయం రిహార్సలుకు. ఒకరు టీచరు, మిగతావాళ్లు పిల్లలు. పిల్లల పాత్రలో ఉన్నవాళ్లు కావాలనే తప్పు జవాబు చెప్పాలి, ఎందుకంటే మన తరగతుల్లో చర్చ చచ్చిపోయేది ఆ క్షణంలోనే. టీచరు "కాదు, కూర్చో" అని పక్క పిల్లవాడి వైపు తిరుగుతారు. బదులుగా "అలా అని ఎలా చెప్పగలవు?", "ఒప్పుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా?", "ఏం చూస్తే నీ మాట మార్చుకుంటావు?" అనే మూడు మాటలు నాలుక మీదికి వచ్చేదాకా సాధన చేయాలి.

ప్రశ్న వేశాక ఆగడం ఇంకా కష్టం. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతుల రికార్డింగులు విని లెక్కకట్టింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, కారణాలు చెప్పడం పెరిగింది, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు మాట్లాడారు. నలభై మంది ముందు ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం టీచరుకు చాలా బరువుగా ఉంటుంది. అందుకే ఫోనులో తమ పాఠం పది నిమిషాలు రికార్డు చేసి, ఒంటరిగా విని, ఎన్ని ప్రశ్నలు వేశారో, వాటిలో ఎన్నింటికి తామే జవాబు చెప్పేశారో లెక్కపెట్టుకోవాలి. ఆ రికార్డింగు పై అధికారులు అడగకూడదు. అడిగారంటే మరుసటి నెల నుంచి ముందే బట్టీ పట్టించిన "చర్చ" రికార్డవుతుంది.

పాఠానికి సరుకు మన చుట్టూ ఉంది. అరసవల్లి సంగతి తీసుకుందాం. మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు ఎండ సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతుందని జిల్లాలో పిల్లలందరికీ తెలుసు. ఎనిమిదో తరగతిలో ఆ తేదీలు బోర్డు మీద రాసి, ఏడాదికి రెండుసార్లే ఎందుకని అడగాలి. వివరణ ఇవ్వకూడదు, క్యాలెండర్ ఇవ్వాలి. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు. అక్కడి నుంచి మార్చి 10కి 79. ఈ పొంతన పిల్లలే పట్టుకోవాలి. డిసెంబరు 21న, అంటే పగలు అతి చిన్నదైన రోజున, ఏమవుతుందో వాళ్ల పుస్తకంలోనే ఉంది. ఇక ఇంటి పని: వారానికి ఒకసారి, గుర్తు పెట్టుకున్న ఒకే చోట నిలబడి, సూర్యుడు ఏ కరెంటు స్తంభం, ఏ కొబ్బరిచెట్టు దగ్గర పొడుస్తున్నాడో బొమ్మ గీయాలి. డిసెంబరు దాకా దక్షిణానికి జరుగుతాడు, ఆపైన వెనక్కి వస్తూ అదే స్తంభాన్ని రెండోసారి దాటుతాడు. అప్పుడు అసలు ప్రశ్న వేయాలి: మీ తూర్పు వాకిట్లోకి ఎండ నేరుగా వచ్చిన తేదీ చెప్పండి, రెండో తేదీ ఎప్పుడో ముందే లెక్కకట్టి రాయండి. వేచి చూసి సరిపోల్చుకుంటారు. ఇందులో తప్పేవి కూడా ముందే తెలిసినవే. అక్టోబరు, నవంబరుల్లో మబ్బులు రెండు వారాలు మింగేస్తాయి. పిల్లలు నిలబడే చోటు మార్చేస్తారు. అన్నిటికంటే ఎక్కువగా, ఉండబట్టలేక టీచరు మొదటి రోజే గుట్టు విప్పేస్తారు. ఈ పాఠంతో ఎవరి భక్తికీ లోటు రాదు. వాకిలిని అంత కచ్చితంగా నిలిపినవాళ్లు ఎంత కాలం ఆకాశాన్ని గమనించి ఉంటారో పిల్లలకు మొదటిసారి అర్థమవుతుంది.

ఆలోచించకుండా జవాబు రాసే జబ్బు లెక్కల్లోనూ కనబడుతుంది. "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసు ఎంత?" అని ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు 1980 ప్రాంతంలో 97 మంది చిన్న పిల్లల్ని అడిగితే 76 మంది అంకెలు కలిపో తీసేసో ఒక జవాబు ఇచ్చారు. గొర్రెలకూ వయసుకూ సంబంధం ఏమిటని అడగకపోవడం పిల్లలు బడిలో నేర్చుకున్న అలవాటే. నెలకు రెండు లెక్కల్లో కావలసిన అంకె ఒకటి దాచిపెట్టి ఇస్తే చాలు, ఆ అలవాటు సడలుతుంది.

ఉద్దానం బడుల్లో మాత్రం జాగ్రత్త కావాలి. కిడ్నీ వ్యాధికి కారణం నీళ్లని ఒకరు, పురుగుమందులని ఒకరు, ఎండలో చాకిరీ అని ఇంకొకరు అంటారు; మూలకారణం ఇదీ అని ఇప్పటిదాకా తేలలేదు. సాక్ష్యం అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకంటే దగ్గరి విషయం లేదు. కానీ ఆ తరగతిలో డయాలసిస్ మీద ఉన్న తండ్రి గల బిడ్డ ఉంటుంది. వాదోపవాద పోటీగా పెట్టకూడదు. ఒక్కో వాదన నిజమో కాదో తెలియాలంటే ఏం కొలవాలి అన్న పట్టిక రాయించడం వరకే ఆగాలి.

భాష మాట కూడా చెప్పాలి. ఇంగ్లిష్ మీడియం తరగతిలో "ఎందుకు" అన్నది ఇంగ్లిషులో అడిగితే నిశ్శబ్దమే జవాబు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చుకున్నది మన పొరుగునే, పర్లాకిమిడిలో. వాదించుకోవడం ఇంటి మాటలో సాగనివ్వాలి, తేలింది పాఠ్యపుస్తక భాషలో తర్వాత రాయించవచ్చు. గ్రూపుకు ముగ్గురో నలుగురో చాలు. ఎనిమిది మందిని కూర్చోబెడితే ఒకరు రాస్తారు, ఏడుగురు చూస్తారు.

ఇంత చేసినా ప్రశ్నపత్రం మారకపోతే మూడో నెలకే టీచర్లు పాత దారి పడతారు, వాళ్లను తప్పు పట్టలేం. 20 మార్కుల యూనిట్ పరీక్షలో 4 మార్కులు పుస్తకంలో లేని ఒక అంశానికి ఉంచాలి. ఉదాహరణకు తుపాను గురించి వాతావరణ శాఖ బులెటిన్ ఒకటి, వాట్సాప్‌లో తిరిగిన సందేశం ఒకటి పక్కపక్కన ఇచ్చి ఏది నమ్ముతావు, ఎందుకు అని అడగవచ్చు. నిర్ణయానికి 1, చూపిన ఆధారానికి 2, ఇంకా ఏం తెలిస్తే బాగుండునో చెప్పినందుకు 1. ఈ కొలత కూడా కాంప్లెక్సులోనే, నిజమైన జవాబులు దిద్దుతూ తేల్చుకోవాలి. లేకపోతే ఒక బడిలో 4 వచ్చిన జవాబుకు పక్క బడిలో 1 వస్తుంది.

మిగిలింది ఏకోపాధ్యాయ బడి. ఐదు తరగతులూ ఒక్కరే చూసే చోట టీచరు సమావేశానికి వెళ్తే బడి ఎవరు చూస్తారు? తోటి టీచరు పాఠం గమనించడానికి ఎవరు వస్తారు? జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో (డైట్‌లలో) రెండేళ్ల డీఎల్ఎడ్ అనే ప్రాథమిక ఉపాధ్యాయ కోర్సు చదివే ఛాత్రోపాధ్యాయులకు 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. వాళ్లలో కొందరినైనా రోడ్డు పక్కన పెద్ద బడులకు కాకుండా ఇద్దరేసి చొప్పున ఈ బడులకు పంపితే, నెలలో ఆ ఒక్క రోజు ఒకరు పిల్లల్ని చూసుకుంటారు, మరొకరు టీచరుతో పాటు కాంప్లెక్సుకు వెళ్లి పిల్లల జవాబులు చదవడం నేర్చుకుంటారు. జిల్లా విద్యాశాఖాధికారి, డైట్ ప్రిన్సిపాల్ కలిసి కూర్చుని విద్యా సంవత్సరం మొదట్లోనే ఆ కేటాయింపుల జాబితా రాసుకోవాలి.